నేను ఎక్కడ లెక్కలు చదవాలి?



యూనివర్సిటీ సంగతి ఇంటర్ అయ్యాక చూసుకోవచ్చులే అని మనలో చాలామంది అనుకుంటాం. కానీ లెక్కలో, కంప్యూటరో చదవాలనుకునే పిల్లకు ఆ సంగతి పదో తరగతి అయిన నెలలోనే తేలిపోతుంది. అంటే మా క్లాసు వాళ్ళకు వచ్చే ఏడాదే. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు లెక్కలంటే ఇష్టం. మా నాన్న చదువుకోలేదు. అయినా సంతలో చింతపండు తూకం వేశాక, షావుకారు కాయితం మీద లెక్క కట్టే లోపలే ఎంత రావాలో చెప్పేస్తాడు. మా అవ్వ సవర భాషలో లెక్కపెడుతుంది. పదమూడు అనాలంటే పన్నెండు-ఒకటి అంటుంది. పద్నాలుగుకి పన్నెండు-రెండు. ఇరవై దాటాక ఇరవైలతో లెక్క. బడిలో మనం పదులతో నేర్చుకున్నాం. కంప్యూటరు 0, 1 అనే రెండు అంకెలతోనే లెక్కిస్తుందని సారు చెప్పారు. అవ్వకు పన్నెండు, బడికి పది, కంప్యూటరుకి రెండు. మూడూ సరిపోతాయి. ఇలా ఎందుకు సరిపోతాయో నేర్పే చదువు నాకు కావాలి.

మా పెదనాన్న కూతురికి కూడా లెక్కలు బాగా వచ్చేవి. అప్ప పదో తరగతి పాసయ్యాక ఒక కాలేజీకి వెళ్తే సి.ఇ.సి.లోనే సీటు ఉంది, అందులో చేరు అన్నారు. ఎం.పి.సి. వేరు, సి.ఇ.సి. వేరు అని మా ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు ఎవరు? చేరింది. తర్వాత బి.ఎస్సీ. లెక్కలకు వెళ్దామంటే ఇంటర్‌లో లెక్కలు లేవు కదా అన్నారు. ఇప్పుడు మా వీధి పిల్లలకు ఎక్కాలు చెబుతోంది. ఆమెను చూశాకే నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. లెక్కల సారునీ, సెలవులకు వచ్చిన సీనియర్ అక్కలనీ అడిగి అందులో రాసుకున్నాను. ప్రతి యూనివర్సిటీకీ నాలుగు ప్రశ్నలు. ఏం నేర్పుతారు? ఏ పరీక్ష రాయాలి? ఆ పరీక్ష ఏ భాషలో? డబ్బు ఎంత పడుతుంది?

మొదటిది ట్రిపుల్ ఐటీ, అంటే ఆర్.జి.యు.కె.టి. 2008లో పెట్టారు. ఎచ్చెర్లలో ఉన్న శ్రీకాకుళం క్యాంపస్ 2016లో వచ్చింది. పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు. ఆరేళ్ళు అక్కడే హాస్టల్లో ఉండి చదవాలి. కంప్యూటర్ సైన్సులో బి.టెక్. వస్తుంది. మా నాన్నకు ఇదే నచ్చింది. పక్క జిల్లాయే, బస్సులో వచ్చి చూసి వెళ్ళొచ్చు అంటాడు. కంప్యూటర్ కావాలనే వాళ్ళకు ఇది చాలా మంచిది. కానీ అక్కడ ఇచ్చేది ఇంజనీరింగు. ఉత్త లెక్కల డిగ్రీ కాదు.

రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, 1974లో పెట్టినది. ఇంటర్ అయ్యాక అయిదేళ్ళు చదివితే లెక్కల్లో ఎం.ఎస్సీ. వరకు ఒకేసారి అయిపోతుంది. 2022 నుంచి పెట్టిన సి.యు.ఇ.టి. పరీక్ష రాయాలి. దాన్ని తెలుగులో కూడా రాయొచ్చు.

మూడోది ఐ.ఐ.టి. హైదరాబాద్ ఐ.ఐ.టి.లో లెక్కలు, కంప్యూటరు కలిపి ఒక బి.టెక్. ఉంది. రెండు పరీక్షలు గెలవాలి. జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా ఇస్తున్నారు. రెండోదైన అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు, హిందీల్లోనే. మన ఎస్.టి. పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు. మెస్ ఖర్చు ఉంటుంది.

నాలుగోది ఐ.ఎస్.ఐ. కలకత్తాలో 1931లో మహలనోబిస్ గారు మొదలుపెట్టారు. లెక్కల డిగ్రీ బెంగళూరులో, స్టాటిస్టిక్స్ డిగ్రీ కలకత్తాలో. బాగా చదివే పిల్లలకు నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చదివి అక్కడికే వెళ్ళారు. 102 ఏళ్ళ వయసులో, 2023లో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. మద్రాసు దగ్గర చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. లెక్కలు, కంప్యూటరు కలిపి నేర్పుతారు. ఈ రెండింటికీ వేరే పరీక్షలు, రెండూ ఇంగ్లీషులోనే.

ఐ.ఐ.టి., సెంట్రల్ యూనివర్సిటీ, ఐ.ఎస్.ఐ. వంటి కేంద్రం వారి చోట్ల ఎస్.టి.లకు నూటికి 7.5 సీట్లు. అంటే 200 సీట్లలో 15. విజయనగరంలో 2019లో గిరిజన యూనివర్సిటీ కూడా మొదలైంది. అయితే పేరులో గిరిజన ఉంది, మనదే కదా అని చేరిపోకూడదు. కోర్సుల జాబితా చూసి చేరాలి.

ఇప్పుడు నా సంగతి. నేను పదో తరగతి అయ్యాక ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడతాను. సీటు వచ్చినా ఇంటర్ ఎం.పి.సి.కే వెళ్ళాలని ఉంది. నాన్నకు చెప్పాను. "చేతికొచ్చింది వదిలేస్తావా? రెండేళ్ళ తర్వాత ఎక్కడా రాకపోతే?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. మా ఊరి నుంచి అలా వెళ్ళి ఇంటికి వచ్చేసిన వాళ్ళున్నారు. అందుకే నేను ఒకటే పేరు రాసుకోలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదట. అది రాకపోతే విశాఖలోనో, శ్రీకాకుళంలోనో బి.ఎస్సీ. లెక్కలు. అదీ లెక్కలే, ఇంటికి వచ్చేయక్కర్లేదు. ఐ.ఎస్.ఐ. కూడా రాస్తాను. దానికోసం ఇప్పటినుంచే రోజూ ఒక లెక్క ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులోనే చేస్తున్నాను. నాన్న ఇంకా సరే అనలేదు. వద్దు అని కూడా అనలేదు.

చెల్లెళ్ళూ, నా నోటుబుక్కు స్టడీ రూము అలమరాలో పెడతాను. ఎవరైనా చూసి రాసుకోవచ్చు. పదో తరగతి అక్కలు మీకు తెలిసినవి అందులో కలపండి. వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. దరఖాస్తుల తేదీలు పేపర్లో రాగానే నోటీసు బోర్డు మీద అంటించండి. మా ఇళ్ళకు పేపరు రాదు, ఫోను సిగ్నలు కొండెక్కితేనే వస్తుంది. మాకు కబురు తెలిసేది ఇక్కడే.

- ఒక సవర పిల్ల, 9వ తరగతి