పోయినవాళ్లు తిరిగిరాని ఆట!

దెయ్యం సినిమాలో ఎవరు చచ్చినా మనం పల్లీలు నములుతూనే ఉంటాం. ఆ ప్రాణాలు మన చేతిలోనే ఉంటే? ఆ గుబులు నాకు 'స్వీట్ హోమ్' అనే వీడియో గేమ్‌తో తెలిసొచ్చింది! 1989లో కియోషి కురొసావా తీసిన జపాన్ సినిమాని, అదే ఏడు అదే పేరుతో క్యాప్‌కామ్ వారు ఆటగా మలిచారు.

పాడుబడ్డ బంగళాలో చిక్కుకున్న అయిదుగురు. ఒకరి దగ్గర లైటరు, ఒకరి దగ్గర కెమెరా, మరొకరి దగ్గర తాళంచెవి. ఎవరు పోయినా మళ్లీ లేవరు సుమండీ! మిగిలినవాళ్ల లెక్కను బట్టి ముగింపు మారుతుంది. అందుకే తలుపు తీసేముందు ఇప్పటికీ నా చెయ్యి వణుకుతుంది.

1996లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'కి పునాది ఇదే. కూతురు జగత్ప్రసిద్ధం, తల్లి మాత్రం అధికారికంగా జపాన్ గడపే దాటలేదు!

భయం కోసం కాదు, ఆ అయిదుగుర్నీ బతికించడం కోసం ఒక్కసారి ఆడిచూడండి!