నకలు సరిపోలిందా?

10 జూన్ 2024, సోమవారం. కుంభారి, షోలాపూర్ దగ్గర

కారఖానాలో పాత కంప్యూటర్ మీద ఇక భరోసా లేదు. అందులో ఉన్న చద్దరు డిజైన్లన్నీ కొత్తదానికి మార్చే పని ఇవాళ మొదలుపెట్టాను. పాతది విండోస్, కొత్తది లైనక్స్. "పూట పని గదా" అన్నాడు మాలక్. కాదు. ఈ డిజైన్లలో చాలావాటికి గ్రాఫ్ కాగితాలు లేవు, రంధ్రాల అట్టలూ మిగల్లేదు. గీసినవాళ్లలో కొందరు పోయారు. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు నిలబెట్టే నెమళ్లూ పువ్వులూ అంచులూ మా దగ్గర ఈ ఫైళ్లలోనే ఉన్నాయి.

మొదటి చిక్కు తేదీ. పాత డిస్కును కొత్తదానికి తగిలించి మామూలు 'సీపీ' ఆజ్ఞతో నకలు తీస్తే లోపలి డిజైన్ చెక్కుచెదరదు గానీ, ఫైలును చివరిసారి మార్చిన తేదీ పోయి ఇవాళ్టి తేదీ పడుతుంది. ఎన్నడో గీసిన నెమలి, మొన్న సవరించిన నెమలి ఒకే రోజు పుట్టినట్టు కనిపిస్తాయి. అసలు ఏది, సవరణ ఏది అని రేపు ఎవరు తేలుస్తారు? ఆజ్ఞకు '-ఏ' జోడిస్తే తేదీలు, అనుమతులు, లింకులు వెంట వస్తాయి. మధ్యలో పెన్‌డ్రైవ్ వస్తే మళ్లీ తంటా. పెన్‌డ్రైవ్‌లలో తరచూ ఉండే ఫ్యాట్32 పద్ధతి మార్పు సమయాన్ని 2 సెకన్ల లెక్కనే రాసుకుంటుంది, లైనక్స్ అనుమతులు దాచదు, 4 జీబీ ఫైలును పట్టదు.

11 జూన్, మంగళవారం

ఇవాళంతా పేర్లతోనే సరిపోయింది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఫైళ్ల పేర్లూ అలాగే ఉన్నాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు 3 బైట్లు. లైనక్స్ ఈఎక్స్‌టీ4లో పేరుకు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు గుర్తులు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 గుర్తులు పడతాయి. రంగులు, కొలతలు, తేదీ అన్నీ కూర్చి పెట్టిన పొడవాటి పేరు అక్కడ పడుతుంది, ఇక్కడ పట్టదు. కాపీ ఆ ఫైలును వదిలేసి, ఒక లైను తప్పు చూపించి ముందుకు పోతుంది. ఆ లైను చదవకపోతే డిజైన్ రాలేదన్న సంగతే తెలియదు.

'సైజింగ్' అన్న ఫోల్డర్ ఇంకో పాఠం నేర్పింది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. రెండూ సమానమే. కానీ ఆపిల్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి దాన్ని విడగొట్టి దాచేది. లైనక్స్ మాత్రం పేరును బైట్లుగానే చూస్తుంది. మ్యాక్ మీదుగా వచ్చిన 'సైజింగ్', నేరుగా వచ్చిన 'సైజింగ్' ఒకేచోట రెండుగా కూర్చుంటాయి. కంటికి తేడా తెలియదు.

13 జూన్, గురువారం

ఒకరు అంచు డిజైన్‌ను వాట్సాప్‌లో ఫోటోగా పంపారు. వెనక్కి పంపి, డాక్యుమెంట్‌గా పెట్టమన్నాను. జకార్డ్ మగ్గానికి వెళ్లే ఫైల్లో ఒక్కో చుక్క ఒక నిలువు పోగు, ఒక అడ్డు పోగు కలిసే చోటు. ఫోటోగా పంపితే బొమ్మ జేపెగ్‌గా కుదించుకుపోతుంది, కొలత తగ్గుతుంది, రంగుల అంచుల్లో లేని రంగులు పుడతాయి. ఫోన్‌లో అందంగానే ఉంటుంది. నేతకు పనికిరాదు.

కంటిని నమ్మకూడదని ప్రపంచానికి 2013లోనే తెలిసింది. కొన్ని జిరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో అంకెలే మార్చేస్తున్నాయని జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ బయటపెట్టాడు. ఇంటి ప్లానులో గదుల వైశాల్యాలు మారాయి, 6 ఉన్నచోట 8 పడింది. బొమ్మను కుదించేటప్పుడు, ఒకేలా కనిపించిన అంకెల్లో ఒకదాని స్థానంలో ఇంకొకటి వాడడమే కారణం. మసకబారిన అంకెను మనిషి అనుమానిస్తాడు. స్పష్టంగా ఉన్న తప్పుడు అంకెను ఎవరూ అనుమానించరు.

ఇది కుంభారికి దూరపు కథ కాదు. 2006లో ఇక్కడ బీడీ కార్మిక మహిళల గోదూతాయి పరులేకర్ కాలనీలో 10,000 ఇళ్లు వచ్చాయి. ఈ జనవరిలో రేనగర్‌లో 15,000 ఇళ్లు చేతికిచ్చారు. ప్రతి ఇంటి హక్కూ కాగితాల నకళ్ల మీదే నడుస్తోంది.

16 జూన్, ఆదివారం

చిన్నాయన వచ్చాడు. జకార్డ్ అట్టలు గుద్దిన చేయి ఆయనది. అడ్డుపోగుకు ఒక అట్ట. 1839లో ఈ మగ్గానికి పేరిచ్చిన జకార్డ్ రూపాన్నే పట్టు మీద నేయడానికి 24,000 అట్టలు పట్టాయని చెబితే ఆశ్చర్యపోలేదు. "నకలు గుద్దుడు కష్టం గాదు బిడ్డా. రెండట్టలు మీదమీద పెట్టి వెలుగుకు పట్టి చూసుడే అసలు పని. ఒక్క రంధ్రం మూసుకున్నా బట్ట చెడుతది."

కంప్యూటర్లో ఆ వెలుగు పని షా-256 చేస్తుంది. ఫైలులోని ప్రతి బైటునూ చదివి 64 అక్షరాల ముద్ర ఇస్తుంది. ఒక్క చుక్క మారినా ముద్ర మారుతుంది. ఆర్‌సింక్ లాంటి మంచి సాధనం కూడా, ప్రత్యేకంగా అడగకపోతే, సైజు, తేదీ కలిస్తే ఫైలు మారలేదనుకుని వదిలేస్తుంది.

పోల్చడంలోనూ జాగ్రత్త కావాలి. 'కాపీ అయింది' అని తెర మీద పడేసరికి సరుకు ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. అప్పుడే చదివితే మెమరీ నుంచే చదువుతుంది, డిస్కు సంగతి తెలియదు. పెన్‌డ్రైవ్‌ను పద్ధతిగా బయటకు తీసి, మళ్లీ పెట్టి పోల్చాలి. కాపీ నడుస్తుండగా ఎవరైనా డిజైన్‌ను సేవ్ చేస్తే నకలులో సగం పాతది, సగం కొత్తది రావచ్చు. అందుకే డిజైన్ సాఫ్ట్‌వేర్ మూయించాను. కరెంటు పోతే సగం ఫైలు అసలు పేరుతో మిగలకూడదు. ముందు తాత్కాలిక పేరుతో రాసి, డిస్కుకు చేరాక అసలు పేరు పెట్టాలి.

18 జూన్, మంగళవారం

ముద్రలన్నీ సరిపోలాయి. ముద్రల జాబితాను డిజైన్ల పక్కనే ఉంచాను. మరో నకలు వేరే ఇంట్లో పెట్టించాను. పాత డిస్కును తుడిచేయమన్నారు, ఒప్పుకోలేదు.

మగ్గం మీది డిజైన్‌గానీ, ఇంటి కాగితంగానీ, పోల్చి చూడని నకలు నకలు కాదు. ఈ పుట చదివే మా పిల్లలకు ఒకటే మాట: ముద్రలు కలిసేదాకా అసలును చెరపకండి.