పనికి తగిన పనిముట్టు

ఉలితో చేయవలసిన పనిని గొడ్డలితో చేయు వడ్రంగిని చూచి మనము నవ్వుదుము. చదువుకొన్న ఇంజనీర్లమగు మేమును పెక్కేండ్లు అట్టి పనియే చేసితిమి. ఆ మాట దాచుట వలన ప్రయోజనము లేదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రామమునకు మంచినీటి పథకము నిర్మించుచుండగా పంపును మార్చవలసి వచ్చెను. క్రొత్త కొలతలను మా ఎక్సెల్ పట్టికలో వ్రాసితిమి. విద్యుత్తు విభాగమువారికి తెలిపితిమి. పునాది పటము గీయువారికి తెలుపుట మఱచితిమి. పంపు వచ్చిన దినమున బోల్టులకును రంధ్రములకును పొందిక కుదురలేదు. కాంక్రీటు పగులగొట్టి మరల పోయవలసి వచ్చెను. నడివేసవిలో మూడు వారములు ఆ యూరి స్త్రీలు బిందెలతో దూరపు బావికి నడచిరి. మఱపు మాది; శిక్ష వారిది.

ఇట్టి పొరపాటు చిన్నవారికే పరిమితము కాదు. 1998 డిసెంబరులో అమెరికా దేశపు నాసావారు అంగారకునికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23వ తేదీన నశించెను. భూమిమీది యొక సాఫ్ట్‌వేరు, నౌకలోని చిన్న రాకెట్ల తోపుడు లెక్కలను పౌండు-సెకండ్లలో నిచ్చెను. వానిని గైకొనినది న్యూటన్-సెకండ్లుగా నెంచెను. లెక్క సుమారు 4.45 రెట్లు తప్పెను. మెట్రిక్ కొలతలే వాడవలెనను నిబంధన వ్రాయబడియే యుండెను. అది ఆచరింపబడినదా యని సరిచూచుట మాత్రము జరుగలేదు.

ఈ లోపమును తీర్చుటకే సిస్టమ్స్ ఇంజనీరింగు పనిముట్లు కలవు. డోర్స్ వంటి వానియందు ప్రతి నిబంధనకును ఒక సంఖ్య యుండును. దానిని సంబంధించిన పటమునకు, లెక్కకు, పరీక్షకు ముడివేయవచ్చును. ఒకటి మారినచో తక్కినవానిని మరల చూడవలెనని పనిముట్టే హెచ్చరించును. 2007లో వెలువడిన సిస్ఎమ్ఎల్ అను చిత్రభాషయో, వ్యవస్థలోని భాగములను, వాని సంబంధములను అన్ని విభాగములవారును ఒకే రీతిగా చదువుకొనుటకు తోడ్పడును.

“నేర్చుకొనుటకు తీరిక యేది? ఇంతవఱకు పట్టికలతోనే గడచినది గదా!” యని కొంద ఱందురు. మేమును అట్లే యంటిమి. గడచుట వేఱు, సరిగా జరుగుట వేఱు. ఖర్చు కలదు, శ్రమయు కలదు. చిన్న పనికి పట్టికయే చాలును. పనిముట్టు బుద్ధికి బదులును కాదు. తప్పు వ్రాసినచో తప్పునే చూపును. కాని పలు విభాగములు కలిసిన పనిలో జ్ఞాపకశక్తిని నమ్ముట సాహసము.

కావున సోదర సోదరీ ఇంజనీర్లారా, ఒక్క చిన్న పనితో నారంభింపుడు. ఇరువది నిబంధనలు వ్రాసి ముడివేసి చూడుడు. మేము అట్లు చేసిన మొదటి వారముననే పరీక్షలేని నిబంధనలు నాలుగు బయటపడెను. సిగ్గుపడితిమి, ఆ సిగ్గు మాకు మేలే చేసెను. చదువరులారా, మీ యింటి బిడ్డలు ఇంజనీరింగు చదువుచున్నచో, “మార్పు జరిగినపుడు ఎవరెవరికి తెలియును?” అని ఒక్కమా ఱడుగుడు. ఆ ప్రశ్న మమ్ము సకాలమున నెవరైన నడిగియుండిన, ఆ వేసవిలో ఆ బిందెలు ఇంటివద్దనే నిండియుండెడివి.