బయటి ఫిల్టరు

మా బళ్ళారిలో ఎర్రదుమ్ము ఎవరికీ కొత్త కాదు. సండూరు వైపు నుంచి వచ్చే లారీ ఏ రంగుదో కడిగితే గాని తెలియదు. ఖనిజం తోలే బండ్లకు అప్పులిచ్చే శాఖలో ఏళ్ళ తరబడి కూర్చున్నందువల్ల, బి.కాం. చదివిన నాకు కూడా ఇంజను సంగతులు నాలుగు ఒంటబట్టాయి. ఇష్టపడి నేర్చుకున్నవి కావు. బండి నిలిస్తే కంతు నిలుస్తుంది, కంతు నిలిస్తే నాకు నిద్ర పట్టదు. మా మధ్య సంబంధం అంతే.

ఎయిర్ ఫిల్టరు సంగతి అట్లా తెలిసిందే. ఆరు లీటర్ల డీజిల్ ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకొకసారి నిండుగా గాలి పీలుస్తుంది కనుక లెక్కకు నిమిషానికి 6,000 లీటర్లు. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. ఆ పీల్చేది దోనిమలై దారిలో అని గుర్తుంచుకోండి. ఆ దుమ్ముకు అడ్డంగా ఉన్నది మడతలు పెట్టిన కాగితపు గొట్టం ఒకటి, దాని అంచున రబ్బరు పట్టీ. అది సరిగా ఆపకపోతే దుమ్ము లోపలికి పోయి రింగుల్నీ లైనర్లనీ గరుకు కాగితంలా రుద్దేస్తుంది, టర్బో రెక్కల్ని కొరికేస్తుంది. ఆ తర్వాత బండి డీజిలుతో పాటు ఇంజను ఆయిలు కూడా తాగడం మొదలుపెడుతుంది.

కంపెనీ పెట్టెలో వచ్చే ఫిల్టరు కంటే బయట దొరికేది చౌక. బయటిదంతా నాసిరకం అనడానికి లేదు. కొన్ని ఫిల్టర్ల తయారీదారులు బండి కంపెనీలకు సరఫరా చేస్తూనే అదే మాలును తమ పేరుతో అంగళ్ళకూ పంపుతారు. ఏ ఊళ్ళో అచ్చువేశారో తెలియని పెట్టెలూ ఉంటాయనుకోండి. ఇక మా డ్రైవర్లు కొందరు పాత ఫిల్టరుకే గాలి కొట్టించి మళ్ళీ బిగిస్తారు. ఆ ఒత్తిడికి కాగితం చిల్లుపడితే అది కంపెనీదైతేనేం, బయటిదైతేనేం?

కొన్నేళ్ళ కిందట ఒక ఖాతాదారుడు వచ్చాడు. ఒక్కటే టిప్పరు, తానే డ్రైవరు. తాతల నాడు అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, రోడ్డు మీద కన్నడం, సంతకం పెట్టే కాగితాల మీద ఇంగ్లీషు. మనలో చాలామందిమి అట్లాంటివాళ్ళమే గదా. గేరుబాక్సులో మోత వస్తోందని బండిని కంపెనీ వర్కుషాపుకు తీసుకుపోయాడట. వారంటీ గడువు ఇంకా ఉంది. వాళ్ళు అంతా తనిఖీ చేసి, బయటి ఎయిర్ ఫిల్టరు కనబడగానే వారంటీ చెల్లదన్నారు. రిపేరు అంచనా చేతికిచ్చి పంపారు. కంతుకు గడువు అడగడానికి ఇతను నా దగ్గరికి వచ్చాడు.

"గేరుబాక్సుకూ గాలికీ ఏం సంబంధం సార్?"

"నన్నెందుకడుగుతావప్పా, వాళ్ళనడగాల."

"అడిగితిని సార్. రూలు అన్నారు."

"ఏ పుటలో ఉందంట?"

ఆ ప్రశ్న అడగాలని అతనికి తోచలేదు. మరునాడు వారంటీ పుస్తకం తెచ్చాడు. ప్లాస్టిక్ సంచి విప్పకుండా పూజగదిలో దాచాడట. ఇద్దరం కూర్చుని చదివాం. కంపెనీ ఆమోదించని సామాను వాడినందువల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని రాసి ఉంది. వాడితే వారంటీ మొత్తం పోతుందని ఎక్కడా లేదు. "వాడినందువల్ల" అన్న ఒక్క మాట మీదే వ్యవహారమంతా నిలబడి ఉంది. ముప్పయ్యేళ్ళు తాకట్టు పత్రాలు చదివినవాడి కన్ను అట్లాంటి మాట మీదికే పోతుంది.

ఉత్తరం రాశాం. చెడిన భాగమేది, దాన్ని ఫిల్టరు ఏ విధంగా చెడగొట్టింది, కాదనేదుంటే రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ మూడే. ఇంగ్లీషు ఉత్తరం కింద అతను తెలుగులో సంతకం పెట్టాడు. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా కంతు బాకీ పడింది. బాకీ 90 రోజులు దాటితే ఆ ఖాతా మా పుస్తకాల్లో మొండిబాకీల్లోకి పోతుంది, తర్వాత ఆ మనిషికి ఏ బ్యాంకూ సులభంగా అప్పివ్వదు. బండి షెడ్డులో ఉన్నా తారీఖులు ఆగవు. చివరికి గేరుబాక్సు వారంటీ కిందే బాగుచేశారు. ఫిల్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. నిలిచిపోయిన రోజుల సంపాదన మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఈ తగువు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1975లోనే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం తెచ్చారు. సొంతానికి కొన్న ట్రక్కుకు మా బ్రాండు సామానే వేస్తే వారంటీ, లేకపోతే లేదు అని తయారీదారు మామూలుగా అనకూడదు. అట్లా అనాలంటే ఆ సామాను ఉచితంగా ఇవ్వాలి. నాకు ఈ షరతు బాగా నచ్చింది. మన దేశంలో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద తీర్పు ఇచ్చింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చుననీ చెప్పింది. అది కార్ల వ్యవహారం, జరిమానాల మీద అప్పీళ్ళకూ వెళ్ళింది. అయినా అందులోని తర్కం లారీకి పనికిరాదని నేననుకోను.

వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చునా అని లారీ యజమానులు అడుగుతుంటారు. 2019 చట్టం వ్యాపారానికి కొన్నవాణ్ణి వినియోగదారుడు అనదు. స్వయంగా నడుపుకొని పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నవాణ్ణి అంటుంది. ఒక్క టిప్పరు తోలుకునేవాడికి ఆ దారి ఉంది. పది బండ్లు తిప్పే సాహుకారుకు అది కష్టం.

కంపెనీ వాళ్ళదే న్యాయమైన సందర్భమూ చూశాను. ఏడు బండ్ల యజమాని ఒకాయన ఒక బండికి ఇంజను పోయిందని, వారంటీ ఇవ్వడం లేదని నా ముందు కేకలేశాడు. కారణాన్ని వర్కుషాపు వాళ్ళు కాగితం మీద ముందే రాసిచ్చారు. ఆయనతో పాటు వెళ్ళి చూశాను. ఫిల్టరు దాటాక ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి చూడమన్నారు. వేలికి ఎర్రగా అంటింది. ఆ చోట దుమ్ము ఉండనే కూడదు. బయటి ఫిల్టరును కంపెనీదాని పక్కన నిలబెడితే బెత్తెడులో పావు తక్కువ ఎత్తు. రబ్బరు పట్టీ ఆనలేదు, దుమ్ము సందులోంచి నేరుగా పోయింది. ఆయిలు పరీక్షలోనూ మట్టి పాలు ఎక్కువగానే తేలింది.

"ఫిల్టరు కొన్న బిల్లుందా?" అన్నాను, అమ్మినవాణ్ణయినా అడుగుదామని.

"బిల్లు తీసుకుంటే రేటు ఎక్కువ సార్" అన్నాడాయన.

ఇంజను ఖర్చుకు అదనపు అప్పు మంజూరు చేశాను. 24 కంతులు. ఆ కాగితాల మీద మాత్రం ప్రతి పుటా చదివి సంతకం పెట్టాడు.