ట్యాంకు అడుగున

ఏప్రిల్ 16, 2025

నిన్నటి నుంచి సముద్రంలో చేపల వేట బందు. జూన్ 14 దాకా 61 రోజులు. మా శ్రీకాకుళం జిల్లా అక్కుపల్లి తీరంలో పడవలన్నీ ఇసకెక్కాయి. మావాళ్లకిది వలలు అల్లుకునే కాలం, నాకు ఇంజన్ల కాలం. ఏడాదంతా "రేపు తెస్తాను" అంటూ తిరిగినవాళ్లు ఇప్పుడు ఒకేసారి తెస్తారు. షెడ్డు ముందు పందిరి కింద అప్పుడే మూడు చేరాయి: పడవ నుంచి ఊడదీసిన లంబార్డిని డీజిల్ ఇంజను, జీడితోటల్లో మందుకొట్టే పవర్ స్ప్రేయరు, చిన్నాన్న అటక మీంచి దించి ఆటోలో వేసుకొచ్చిన పాత శ్రీరామ్ హోండా జనరేటరు.

"పనిసేస్తాదా బాబూ?"

"సూద్దాం చిన్నాన్నా. ముందు ట్యాంకు మూత రానీ."

ఏప్రిల్ 18

మూత వచ్చింది. లోపలి నుంచి పుల్లటి వాసన. పాతబడిన పెట్రోలు పెట్రోలు వాసన వెయ్యదు, బీరువాలకి కొట్టే వార్నిషు వాసన వేస్తుంది. తేలికభాగం ఆవిరైపోగా మిగిలిన జిగురది.

టార్చి వేసి చూశాను. ట్యాంకు లోపల మూడు పట్టీలు స్పష్టంగా కనిపించాయి. పైన, గాలి తగిలినంత మేరా ఎర్రటి చిలుము, వేలు పెడితే పొడిగా రాలుతోంది. నడుమ, పెట్రోలు నిలిచిన మేర, రేకు ఇంకా తెల్లగానే ఉంది. అడుగున, పెట్రోలు కిందికి నీళ్లు దిగినచోట, నల్లటి చిన్న చిన్న గుంటలు. సగం నింపి వదిలేసిన ట్యాంకు అన్నిచోట్లా ఇలాగే పోతుంది. ఖాళీ సగంలోకి పగలు వేడిగాలి, రాత్రి చల్లగాలి పోతూ వస్తూ ఉంటాయి. మన సముద్రపుగాలిలో తేమకేం తక్కువ? ఆ తేమ రేకుకి పట్టి, బొట్టై అడుగుకి జారుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు, పైకి రావు. అక్కడే ఉండి రేకుని తింటాయి.

ఇంజను మాత్రం తాడు లాగితే తిరుగుతోంది. కంప్రెషన్ ఉంది. మ్యాగ్నెటో తీసి పాయింట్లు గరుకు కాగితంతో రుద్దితే స్పార్కు కూడా వచ్చింది.

ఏప్రిల్ 19

ఈ జనరేటరు ఎప్పుడు అటకెక్కిందో ఊరందరికీ తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే ఒడ్డెక్కింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకే వరసన నేలకొరిగాయి. బోరు మోటార్లు ఆగిపోయాయి. అప్పుడు ఊళ్లో మంచినీళ్లు తోడింది ఇలాంటి జనరేటర్లే. ఫోన్లు ఛార్జింగు పెట్టుకోడానికి దీని చుట్టూ జనం కూచున్నారు. కరెంటు వచ్చిన రోజు చిన్నాన్న దీన్ని ఆపాడు, అటకెక్కించాడు. ట్యాంకులో సగం ఉంది, అంతే.

మా ఉద్దానం ప్రాంతంలో ఇంజన్లు పని చేసి అరగవు. తుఫానుకీ తుఫానుకీ మధ్య పడుకుని పాడవుతాయి.

ఏప్రిల్ 22

ఇది పెట్రోలుతో స్టార్టయి కిరసనాయిలుతో నడిచే రకం. చిన్న ట్యాంకు పెట్రోలుకి, పెద్దది కిరసనాయిలుకి. కిరసనాయిలు చల్లటి ఇంజనులో ఆవిరి కాదు. అందుకని పెట్రోలు మీద కాసేపు తిప్పి, హెడ్డు వేడెక్కాక కాక్ మార్చాలి. ఆపేముందు మళ్లీ పెట్రోలుకి మార్చి కాసేపు నడిపి ఆపాలి. లేకపోతే కార్బొరేటరు గిన్నెలో కిరసనాయిలు మిగిలి, మర్నాడు తాడు లాగీ లాగీ భుజం పోతుంది. ఈ చివరి మాట అమ్మేవాడు చెప్తాడు, కొన్నవాడు మరిచిపోతాడు.

ఫిల్టరు గిన్నెలో నీలిమరక కనిపించింది. రేషన్ కిరసనాయిలుకి నీలం రంగు కలిపేవారు, బయట అమ్ముకుంటే దొరికిపోవాలని. ఆ కిరసనాయిలు ఇప్పుడు లేదు, మరక ఉంది. తుడవలేదు.

ఏప్రిల్ 25

ట్యాంకు కడగడం మొదలు. ముందు ఉన్నదంతా వంచి, మూత తీసి నీడలో గాలికి వదిలేశాను. తర్వాత వేడినీళ్లు, బట్టల సోడా. నూనె జిడ్డు పోకుండా చిలుము మీద ఏ మందూ పనిచెయ్యదు.

పక్కింటి గుంటడు బీచ్ నుంచి బకెట్టు ఇసక తెచ్చాడు. "మావా, ఇది పోసి ఊపితే ఇట్టే పోతాది." ఇసక వద్దన్నాను. అది రేకు మడతల్లో దూరి కూచుంటుంది. పైగా సముద్రపు ఇసకలో ఉప్పు. టెక్కలి వైపు గ్రానైటు చిప్స్ కావలసినన్ని దొరుకుతాయి, అవీ వద్దు. ఇరుక్కున్న రాయిని బయటికి తీయలేం. సన్నటి ఇనపగొలుసు మంచిది. ఒక కొసకి తీగ కట్టి మూత బయటికి ఉంచితే, లాగితే మొత్తం వస్తుంది. ట్యాంకుని గోనెసంచిలో చుట్టి, కొద్దిగా నీళ్లు పోసి, గొలుసు వేసి అటూ ఇటూ దొర్లించాలి. గుంటడికి అప్పజెప్పాను. పని కన్నా చప్పుడు ఎక్కువ చేశాడు, కానీ పొక్కులు కట్టిన చిలుమంతా రాలింది. వంచితే కుంకుడురసంలా ఎర్రనురగ.

ఏప్రిల్ 27

రాలిన చిలుము పోయింది, పట్టిన చిలుము ఉంది. దానికి ఆమ్లం కావాలి. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తామంటారు అందరూ. అది చిలుముతో ఆగదు, మంచి రేకునీ, లోపల కంపెనీ వేసిన పూతనీ కూడా తినేస్తుంది. వంచిన గంటలోనే కొత్త చిలుము. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లకి వంద గ్రాముల లోపే. ట్యాంకు నిండా పోయాలి, సగం పోస్తే నీటిమట్టం దగ్గర గీత పడుతుంది. రాత్రంతా ఉంచాలి.

కార్బొరేటరు ఇత్తడి జెట్లకి మాత్రం చింతపండే. ఇంట్లో బిందెలు తోమే పద్ధతి. జెట్టు కంతలో సూది గుచ్చకూడదు, కంత పెద్దదైతే పెట్రోలు తాగుతుంది. ఊదితే చాలు.

ఏప్రిల్ 28

పొద్దున్న వంచాను. నీళ్లు ఆకుపచ్చ కలిసిన నలుపు. లోపల బూడిదరంగు రేకు. ఇక్కడే చాలామంది టీ తాగడానికి వెళ్తారు. వెళ్లకూడదు. వంటసోడా నీళ్లతో కడిగి ఆమ్లం చంపి, వెంటనే హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి (మా అప్పది, అడక్కుండా తెచ్చాను), వేడి మీదుండగానే టూటీ ఆయిల్ పోసి అన్ని మూలలకీ తిప్పాను. ఇంత తేమలో తడి రేకు కళ్లముందే పసుపు రంగుకి తిరుగుతుంది.

మే 3

అడుగు నల్లగుంటల్లో ఒకటి కంతై ఊరుతోంది. గ్యాస్ వెల్డింగుకి ఇమ్మన్నారు. పెట్రోలు ట్యాంకుకి మంట చూపించను. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు పెట్రోలు ఆవిరున్నా నిప్పు తగిలితే పేలుతుంది, ఏడున్నర పాళ్ల దాకా ఆ భయమే. ఎన్నిసార్లు కడిగినా మడతల్లోంచి ఆవిరి ఊరుతూనే ఉంటుంది.

బిందెలకి మాట్లు వేసే ముసలాయన హరిపురం వైపు ఇంకా ఉన్నాడంటే తీసుకెళ్లాను. ట్యాంకు నిండా నీళ్లు పోయించి, కంత పైకి వచ్చేట్టు వంచిపెట్టి, రేకు మెరిసేదాకా గీకి, దూరంగా కుంపట్లో కాల్చిన రాగికాడతో కళాయి పట్టించాడు. మంట ట్యాంకు దగ్గరికే రాలేదు. గవ్వంత మాటు.

"ఇది మీకన్నా ఎక్కువ రోజులుంటాది బావూ" అన్నాడు.

అడిగిన డబ్బు చాలా తక్కువ. కొంచెం ఎక్కువిస్తే మొహం అదోలా పెట్టి సగం వెనక్కిచ్చాడు.

మే 9

మందస వైపు ఒక పాత రైసుమిల్లులో ఆయిల్ ఇంజనుందంటే చూడ్డానికి వెళ్లాను. రెండు పెద్ద ఫ్లైవీళ్లు, ఒకటే సిలిండరు. లిస్టర్ నమూనా. ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్లో 1929లో మొదలైన డిజైను. అంతకుముందు చాలా ఆయిల్ ఇంజన్లు హెడ్డుని బ్లోలాంపుతో కాల్చి ఎరుపెక్కిస్తేగానీ స్టార్టయ్యేవి కావు. దీనికి ఆ బాధ లేదు, హ్యాండిలు కొడితే చాలు. ఆరు గుర్రాల ఇంజను నిమిషానికి 650 చుట్లే తిరుగుతుంది, అందుకే ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడేది. తర్వాత రాజ్‌కోట్‌లో దానికి లెక్కలేనన్ని నకళ్లు వచ్చాయి. ఇది అసలో నకలో ప్లేటు లేక తెలియలేదు. నాకు పట్టింపూ లేదు.

నన్ను ఆపింది గోడకి కట్టిన డీజిల్ ట్యాంకు. దాని కుళాయి అడుగున లేదు, కొంచెం పైకి ఉంది. నీళ్లూ మడ్డీ కిందే ఉండిపోతాయి, ఇంజనుకి పైనున్న మంచి డీజిలే దిగుతుంది. అడుగున వేరే బిరడా, అప్పుడప్పుడూ మడ్డి వదలడానికి. ఇంజనీరు ఎవరో తెలియదు గానీ మన గాలి తెలిసినవాడు. ఇప్పటి చిన్న ఇంజన్ల ట్యాంకుల్లో ఈ జాగ్రత్త పెద్దగా కనపడదు.

మే 15

స్ప్రేయరు. జీడిపూత మీద తేయాకు దోమ పడితే పూత మాడిపోతుంది, అందుకు శీతాకాలం చివర మందు కొడతారు. మూడు నెలల పని, తొమ్మిది నెలల నిద్ర. ట్యాంకు ప్లాస్టిక్కే, తుప్పు లేదు. కానీ రబ్బరు గొట్టం ఉబ్బి జీళ్లలా సాగుతోంది. కార్బొరేటరులో తెల్లటి పొడి. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లో నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది, ఇప్పుడు ఎక్కడ కొట్టించినా అదే. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ఎక్కువ లాక్కున్నాక నీళ్లతో కలిసి అడుగుకి విడిపోతుంది. కొత్త బళ్ల రబ్బరు దానికి తట్టుకునేట్టు చేస్తారు, పాత ఇంజన్ల రబ్బరుకి ఆ సంగతి తెలియదు. దేశం చమురు దిగుమతి తగ్గాలి, చెరుకు రైతుకి డబ్బు రావాలి, కాదనను. కానీ తొమ్మిది నెలలు పడుకునే ఇంజనులో ఆ పెట్రోలు ఉంచకూడదన్న ముక్క బంకు దగ్గర ఎవరూ రాయలేదు.

మే 16

కాశీబుగ్గలో గొట్టం, డయాఫ్రమ్ కొన్నాను. ఎండ.

మే 21

ట్యాంకు లోపల జీడినూనె పూస్తే తుప్పు పట్టదని ఒకాయన సలహా. పలాస ఫ్యాక్టరీల్లో జీడిగింజ పైతొక్క నుంచి వచ్చే నూనె. చెక్కపడవలకి, వలలకి పూసేవారు, పురుగు పట్టేది కాదు. దాన్నుంచి తీసిన సరుకు బ్రేకు లైనింగుల్లోకి కూడా వెళ్తుంది. గొప్ప పదార్థమే. కానీ పచ్చినూనె పెట్రోల్లో కరుగుతుంది. కరిగి తిన్నగా జెట్టులో కూచుంటుంది. పైగా చెయ్యి పొక్కుతుంది. ఆయన చేతిమీద పాత మచ్చలున్నాయి, అవి చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు.

జూన్ 1

పడవ ఇంజను. అది తెచ్చిన మావ గొడవ: "తెల్లపొగ ఒగ్గి ఆగిపోతంది. నాజిలు మార్చీసినా అదే."

నాజిలు కాదు, డీజిల్లో నీళ్లు. పడవలో క్యాను మూత సరిగా పట్టదు, అల పైకొస్తే ఉప్పునీళ్లే దిగుతాయి. డీజిల్ పంపు లోపల ప్లంజరుకీ గొట్టానికీ మధ్య సందు తలవెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు. అక్కడ చిన్న చిలుము చాలు, పంపు బిగుసుకుపోతుంది. పంపు విప్పి శుభ్రమైన డీజిల్లో నానబెట్టాను. క్యాను కోసి చూపిస్తే అడుగున వేలిమందం మడ్డి, చీమిడిలా జారుతోంది. డీజిలూ నీళ్లూ కలిసే గీత దగ్గర పెరిగే సూక్ష్మజీవుల పని అది.

"డీజిల్లో పురుగులేటి!" అని మావ ఊళ్లో అందరికీ చెప్పాడు. సాయంత్రానికి నలుగురు వాళ్ల క్యాన్లు పట్టుకొచ్చారు.

జూన్ 6

పడవ ఇంజనుకి ఎయిర్ తీసి హ్యాండిలు కొట్టాం. పట్టుకుంది. సైలెన్సరు లేకుండా కొట్టడం మావ సరదా. వీధిలో కుక్కలన్నీ పారిపోయాయి.

జూన్ 8

జనరేటరు కూడా స్టార్టయింది. పెట్రోలు మీద, ఆ తర్వాత కిరసనాయిలు మీద. బల్బు పెట్టి చూశాం. చిన్నాన్న రంగు వేయించమన్నాడు, కొత్తదిలా ఉండాలని. వద్దన్నాను. ట్యాంకు పక్కన ఎవరో ఛార్జింగు పెట్టిన ఫోన్ల లెక్క బొగ్గుతో గీతలు గీశారు, ఇప్పటికీ కనిపిస్తాయి. రంగు పడితే అవి పోతాయి. చిన్నాన్న ఆ గీతలు ఇప్పుడే చూశాడు. "ఇందులో సగం మంది డబ్బులియ్యనేదు" అన్నాడు.

జూన్ 12

చివరి వాదన: ఇప్పుడు దీన్ని నిండుగా పెట్టాలా, ఖాళీగా పెట్టాలా? నా లెక్క చెప్పాను. పెద్ద ట్యాంకు నిండా కిరసనాయిలు, మూతదాకా, గాలికి చోటు లేకుండా. పెట్రోలు ట్యాంకు మొత్తం వంచేసి, లోపల ఆయిల్ తిప్పి మూత బిగించడం. కార్బొరేటరు గిన్నె ఎండగట్టడం. నెలకోసారి దించి పావుగంట నడపడం.

"నెలనెలా అటక ఎవులెక్కుతారు?" అంది పిన్ని.

అయితే అటక మీద పెట్టకండి అన్నాను. వంటింటి వెనక వసారాలో చోటు చూశారు. తుఫాన్లొచ్చే అక్టోబరుకి ఎలాగూ దించాల్సిందే కదా.

జూన్ 14

ఈ అర్ధరాత్రి నుంచి వేట. మావ ఇంజను భుజానేసుకుపోయాడు, డబ్బులు మొదటి వేట తర్వాత ఇస్తానన్నాడు. పందిరి ఖాళీ అయిందనుకునేలోపు బెండి నుంచి ఒకతను కిర్లోస్కర్ ఐదు గుర్రాల పంపుసెట్టు ట్రాక్టరు మీద తెచ్చాడు. ఇంజనుకేమైందని అడిగితే ఏమీ అవలేదన్నాడు. డీజిల్ ట్యాంకులో మాత్రం పిల్లలు కొబ్బరినీళ్లు పోశారట.