కొండపల్లి కాలిబాట

తొమ్మిదేండ్లుగా మేము తరగతిలో కృష్ణదేవరాయల కళింగ దండయాత్రను బోధిస్తున్నాము. కొండపల్లి పేరు వచ్చినప్పుడెల్లా నల్లబల్లపై వ్రాసి చెరిపివేస్తున్నాము. విజయవాడనుండి రైలులో అరగంట ప్రయాణమైన ఆ దుర్గాన్ని మాత్రం గత డిసెంబరు వరకు కన్నులారా చూడలేదు. ఈ సంగతి విద్యార్థుల యెదుట ఒప్పుకొనుటకు సిగ్గుగానే ఉన్నది.

రైలు దిగి బొమ్మల వారి వీధిగుండా నడిచాము. వాకిళ్లలో తెల్లపొణికి కొయ్య ఆరుతున్నది. చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో ఒక ముసలాయన ఏనుగుకు తొండం అతికిస్తున్నాడు. ఈ కొయ్య ఇక్కడి అడవిదే. ఇప్పుడది దొరకుటే కష్టమని ఆయన బాధ.

ఊరు దాటగానే అడవి. పైకి బండ్లు పోవు దారి ఉన్నా, కాలిబాటనే పట్టాము. సగం దూరంలోనే మా ఆయాసం చూచి ఒక విద్యార్థి మా సంచి అందుకొన్నాడు.

కొండమీద మొదట ఎదురైనది దర్గా దర్వాజా. రెడ్డిరాజుల కోటకు ఆ పేరు! తరువాత గజపతులు, రాయలు, కుతుబ్ షాహీలు, 1766లో ఆంగ్లేయులు. తానీషా మహలు మొండిగోడల నీడలో అన్నపు పొట్లాలు విప్పుతుండగా ఆ విద్యార్థే అడిగాడు: "సార్, ఈ కోట మనదా, వాళ్లదా?"

మనమెవరమో, వాళ్లెవరో మేము అడుగలేదు. తరగతిలోనైతే తేదీలు చెప్పి తప్పించుకొనెడివారము. రెడ్ల గోడ ముగిసి కుతుబ్ షాహీల గోడ మొదలైన చోటు వెదకి రమ్మన్నాము.

అరగంట తిరిగి, దొరకలేదని వచ్చి కూర్చున్నాడు. అతని పొట్లం విప్పకుండా ఉంచాము.