ఆదివారం ఎవరికి సెలవు?

తెలుగులో 'పాపం' చిత్రమైన మాట. దేవుడి ముందు ఒప్పుకోవాల్సిన తప్పుకీ అదే, పక్కవాళ్ళ కష్టం చూసి జాలిపడటానికీ అదే. మా పేట చర్చిలో చాపల మీద కూర్చునే ఆడవాళ్ళకి ఈ రెండూ దక్కుతాయి. వారమంతా ఎండలో కూలి చేసొచ్చినందుకు 'అయ్యో పాపం' అంటారు. ఆదివారం ప్రసంగంలో చాడీలు, అసూయ, నగల మీద ఆశ, భర్తకి ఎదురుచెప్పడం వాళ్ళ పాపాలవుతాయి. కూలి ఎగ్గొట్టిన ఆసామి పాపం గురించి మాత్రం అక్కడ నేనెప్పుడూ వినలేదు.

బైబిల్లో లేక కాదు. చేలు కోసినవాళ్ళకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ కోతవాళ్ళ కేకలు దేవుడి చెవిన పడ్డాయనీ యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. మా అమ్మ ఇరవయ్యేళ్ళు పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళింది. ఆ ఘాటుకి రాత్రిళ్ళు దగ్గుతూ ఉండేది. మగవాళ్ళకిచ్చిన కూలి ఆమెకి ఏనాడూ ఇవ్వలేదు. అడగొచ్చు కదమ్మా అంటే, "ఉన్నదాంతో తృప్తిపడకపోతే పాపం కాదటే" అనేది. ఆ తృప్తి ఎవరి లాభానికి పనికొస్తోంది? సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తూ ఒంగోలు బాప్టిస్టు మిషన్ పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు కూడా నా మనసులో ఈ ప్రశ్నే ఉంది.

1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ కాలంలో, మాదిగ విశ్వాసులకి నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. రెండో నియమం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆకలివేళ దొరికిన తిండిని పాపమంటే, ఆ ఆకలికి కారణమైనవాళ్ళని వదిలేసినట్టే. మొదటిది వేరు. పిలిస్తే వెళ్ళక తప్పని వెట్టి మనుషులు వారానికో రోజు 'మేం రాం' అన్నారు. అందుకు హింసలు పడ్డారు. స్వేచ్ఛాచిత్తం గురించి వేదాంతులు ఆదాము తిన్న పండు దగ్గర చర్చ మొదలుపెడతారు. నాకది ఆ 'రాం' అనే మాటలో కనిపిస్తుంది. రోజులన్నీ ఇంకొకరివే అయిన మనిషికి పుణ్యమో పాపమో ఎంచుకునే వీలెక్కడ?

క్లౌ జ్ఞాపకాలని అక్షరాల్లో పెట్టింది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. మాదిగల కథలతో 1899లో పుస్తకం తెచ్చిన ఈమె, బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధించి డాక్టరేట్ పొందింది. పాపం ఒక్కొక్కరి మనసులోనే ఉండదనీ, సంస్థల్లో, ఆచారాల్లో గూడుకట్టుకుని తరం నుంచి తరానికి వస్తుందనీ ఆమె తమ్ముడు వాల్టర్ 1917లో రాశాడు. ఊరి బావి దగ్గర ఆగిపోయిన కడవని చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు.

అయితే ఆ ఆదివారం ఆడవాళ్ళకి ఎంత దక్కింది? విశ్రాంతి దినం ఎవరెవరికో ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో వరసగా ఉంది: నువ్వు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ ఊళ్ళోని పరదేశి. దాసుడూ దాసీ నీలాగే విశ్రాంతి తీసుకోవాలని కూడా అక్కడే ఉంది. పనివాళ్ళ గౌరవానికి అంతకన్నా ఏం కావాలి! కానీ ఆ వరసలో భార్య లేదు. 'నువ్వు'లోనే ఆమె కూడా ఉందని కొందరంటారు. మంచిదే. అలాగైతే ఆమె పొయ్యి కూడా ఆరాలి కదా?

భర్త మాటే దేవుడి ఏర్పాటనేవాళ్ళు ఆదికాండం మళ్ళీ చదవాలి. తోటని సేద్యం చేసే పని రెండో అధ్యాయంలో, పండు తినకముందే ఉంది. చెమట, కాన్పు నొప్పి, భార్య మీద భర్త ఏలుబడి మూడో అధ్యాయంలో, తిన్న తర్వాత వస్తాయి. అంటే పని శాపం కాదు. పెత్తనం పాపఫలం. దాన్నే ధర్మమని ఎలా బోధిస్తారు?

అమ్మ ఇప్పుడు కూలికి వెళ్ళడం లేదు. ఆదివారం మాత్రం నాలుగింటికే లేస్తుంది, ఆరాధన వేళకి అన్నం, కూర అయిపోవాలని. మొన్న ఈ వరస చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

"గాడిద కూడా ఉందా అందులో?" అంది చివరికి.

ఉందన్నాను.

"అయితే మీ నాన్నకి చదివి వినిపించు."